గరుసుబాటపై సైకిలు ప్రయాణము

గడచిన వర్షకాలమున నొక యుదయము మా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మోకాళ్లవఱకు బురదతో, తెగిన సైకిలు గొలుసు చేత పట్టుకొని, రెండవ గంట మ్రోగిన పిమ్మట తరగతికి వచ్చెను. వాని గ్రామము మన పాఠశాలకు ఆఱు కిలోమీటర్ల దూరము. అందు మూడు కిలోమీటర్లు గరుసురోడ్డు. తక్కినది పొలముల నడుమ పోవు డొంక. ఆ గంటలో నేను భూగోళపాఠమున హాలెండు దేశమును గూర్చి చెప్పుచుంటిని. అచ్చటి జనులలో ననేకులు సెలవు దినములందు తారురోడ్లను విడిచి, గరుసుబాటలను వెదకికొని, పొలములలోను అడవులలోను బీళ్లలోను సైకిళ్లపై వినోదార్థము పోవుదురని చెప్పగా తరగతి యంతయు నవ్వెను. ఆ బాలుడు మాత్రము నవ్వలేదు. అతడు లేచి, "మేష్టరుగారూ, తారురోడ్డు వేయవలెనని మా యూరివారు అర్జీలు పెట్టుకొనుచున్నారు. తారురోడ్డు గలవారు గరుసురోడ్డు నేల కోరుదురు?" అని యడిగెను.

ఆ ప్రశ్న న్యాయమైనది. గంట మ్రోగుటచే నానాడు దానికి తగిన సమాధానము చెప్పజాలనైతిని. కాని యది నా మనస్సున నాటుకొని యుండెను. ఆ దేశమును నేను కన్నులార చూచినవాడను కాను; పుస్తకములను, పటములను ముందు పెట్టుకొని యోచించి, నాకు తోచిన సమాధానము నీ పత్రిక మూలముగా ఆ బాలునకును, తక్కిన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుచున్నాను.

ఈ వినోద మెట్లు పుట్టెను?

అమెరికా సంయుక్త రాష్ట్రముల మధ్యభాగమున కాన్సాస్, అయోవా మొదలగు వ్యవసాయ రాష్ట్రములు గలవు. అచ్చటి పొలముల నడుమ మైలున కొకటి చొప్పున, గీత గీచినట్లు, కంకరబాటలు పోవుచుండును. ధాన్యపు బండ్లకొఱకు వేసిన బాటలవి. తారురోడ్లపై మోటారు వాహనములు మిక్కుటమై, సైకిలు నెక్కువారు ప్రాణభయముతో పోవలసి వచ్చినప్పుడు, వారిలో కొందఱు ఈ నిర్జనమైన బాటలకు మరలిరి. కాన్సాస్‌లోని ఎంపోరియా పట్టణమున 2006వ సంవత్సరమున 200 మైళ్ల, అనగా సుమారు 320 కిలోమీటర్ల, కంకరబాట పందెము మొదలయ్యెను. ఈ బాటలకు తగిన సైకిలును తయారు చేయుట క్రమముగా నొక పరిశ్రమ యయ్యెను. ఇంగ్లీషున 'గ్రావెల్' అనగా గరుసు, కంకర. కావున దానికి గ్రావెల్ సైకిలని పేరు వచ్చినది. 2022వ సంవత్సరమున ఇటలీ దేశమున ఈ విద్యలో మొదటి ప్రపంచ పందెమును నడపిరి. ఆ సైకిలు యూరపు ఖండమునకు పోయినప్పుడు, అచ్చట దానికి తగిన పాతబాటలు సిద్ధముగా నుండెను.

సైకిలును గూర్చి

గరుసుబాటకు తగిన సైకిలున ముఖ్యమైనది టైరు. గాలిటైరు పుట్టినదే గతుకుల బాధ తీర్చుటకు. బెల్‌ఫాస్టు పట్టణమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్ అను నతడు, తన కుమారుని మూడుచక్రముల బండి గట్టి రబ్బరు చక్రములపై ఎగిరి పడుట చూచి, 1887వ సంవత్సరమున దానికి గాలి నింపిన రబ్బరు గొట్టము నమర్చెను. మఱుసటి యేట పేటెంటు హక్కు పొందెను. రాబర్టు థామ్సన్ అను నతడు 1845లోనే యిట్టి ఊహ చేసి యుండెను గాని యది నాడు వ్యాప్తికి రాలేదు.

ఇక లెక్క చూతము. వెనుక చక్రముపై 50 కిలోల బరువు పడుచున్నదనుకొందము. పందెపు సైకిలు సన్నటైరులో చదరపు సెంటీమీటరునకు సుమారు 7 కిలోల ఒత్తిడి గల గాలి యుండును. 50ని 7చే భాగించిన, ఆ టైరు నేలను తాకు చోటు ఇంచుమించుగా 7 చదరపు సెంటీమీటర్లని తేలును. అది పదిరూపాయల నాణెముకంటె కొంచెము పెద్దది. గ్రావెల్ సైకిలు టైరు వెడల్పు 35 మొదలు 50 మిల్లీమీటర్లవఱకు నుండును. దానిలో గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 2 కిలోలే యైనచో, నేలను తాకు చోటు 25 చదరపు సెంటీమీటర్లగును. అది యగ్గిపెట్టె పైభాగముకంటె పెద్దది. బరువు విశాలమైన చోట పరచుకొనుటచే చక్రము ఇసుకలో దిగబడదు. ఎడారిలో ఒంటె పాదము దిగబడకుండుటకును కారణ మిదియే.

మఱియొక లాభము గలదు. గట్టిటైరు ప్రతి గులకరాతిపైకిని ఎక్కి దిగుచుండును. ఎక్కినప్పుడెల్ల సైకిలును మనిషియు పైకి లేవవలెను. ఆ లేచుటకు కావలసిన శక్తి కాళ్లనుండియే వచ్చును. మెత్తని టైరు గులకరాతిని తనలోనికి తీసికొని, మనిషిని కదల్పక ముందునకు పోవును. కావున నున్నని తారుపై గట్టిటైరునకు మేలున్నను, గరుసుపై మెత్తనిటైరే తక్కువ శ్రమతో పోవును. చక్రమునకును చట్టమునకును నడుమ బురద పట్టిపోకుండ చోటు విడుతురు. బ్రేకులు చక్రపు అంచున గాక నడిమి ఇరుసునొద్ద నొక పళ్లెమును పట్టుకొనును. కావున బురదలోను పట్టు తప్పవు. పెక్కుటైర్లకు లోపలి ట్యూబుండదు. బదులుగా నొక ద్రవము నుండును. ముల్లు గ్రుచ్చుకొని గాలి పోవుచున్నప్పుడు ఆ ద్రవము గడ్డకట్టి రంధ్రమును మూసివేయును.

ఇట్టి సైకిలు వెల మన గ్రామస్థుల కందునది కాదు. ఐనను తలిదండ్రు లొక సంగతి గమనింపవలెను. మన యూళ్లలో పాలబిందెలను, గడ్డిమోపులను మోయు పెద్ద సైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళము, అనగా సుమారు 38 మిల్లీమీటర్లు. కొత్త కొత్త పేర్లతో నేడు అమ్ముచున్న గరుసుటైరు వెడల్పును మన తాతలనాటి సైకిలున కెప్పుడో యిచ్చి యుండిరి. మన బాటలు గరుసుబాటలని దానిని చేసినవారికి తెలియును.

చదునునేల

ఇప్పుడు హాలెండునకు పోదము. నెదర్లాండ్సు అను దాని యసలు పేరునకు పల్లపు దేశమని యర్థము. నేలలో ఇంచుమించుగా నాలుగవ వంతు సముద్రమట్టమునకు దిగువ నున్నది. ఆ దేశీయులు మనకు క్రొత్తవారు కారు. డచ్చివారు 1605వ సంవత్సరమున మచిలీపట్టణమునకు వచ్చి వర్తకపు కొఠీ పెట్టుకొనిరి. వారిని మనవారు వలందులనిరి. బందరున వలందపాలెమను పేటకు ఆ పేరు నేటికిని నిలిచియున్నది.

ఆ దేశపు ఈశాన్యమున డ్రెంథె అను మండలము గలదు. జనసంఖ్య సుమారు 5 లక్షలు. గరుసుబాటల సైకిలు ప్రయాణమునకు ఇది పేరొందిన చోటు. ఏలయన చదునుపొలములు, అడవులు, బీళ్లు మూడును ఇచ్చట ఒకదాని నంటి యొకటి యుండును. ఈ మండలపు ఆగ్నేయమున గల న్యూ ఆమ్‌స్టర్‌డామ్ అను గ్రామమునుండి బయలుదేఱి, ఉత్తరమున బోర్గరునకు పోయి, అటనుండి పడమటి యడవులను దాటి, ద్వింగెలో బీడును చేరుట ఒకటి రెండు దినములలో పోదగిన ప్రయాణము.

మొదట కనుచూపు మేర చదునుపొలము. నడుమ తిన్నని కాలువలు. ఇది స్వభావముగా నిట్లుండిన నేల కాదు. పూర్వ మిచ్చట నీరు నిలిచిన యూబి యుండెను. ఊబిలో నాచుమొక్కలు చచ్చి, గాలి తగులకుండుటచే సరిగా కుళ్లక, పొరపై పొరగా పేరుకొని, పీటు అను నల్లని మెత్తని మన్నగును. ఇది సంవత్సరమునకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగును. మనిషి యెత్తు పెరుగుటకు పదునాఱు వందల సంవత్సరములకు మించి పట్టును. దీనిని ఇటుకలవలె కోసి యెండబెట్టిన వంటచెఱకుగా మండును. పట్టణములకు ఈ వంటచెఱకును పడవలపై పంపుటకే ఆ కాలువలను త్రవ్విరి. నడుములోతు నీటిమన్నులో నిలిచి పీటు కోసినవారు నిఱుపేదలు. 1883వ సంవత్సరపు శరదృతువున విన్సెంట్ వాన్ గో అను చిత్రకారుడు ఇచ్చటికి వచ్చి, సుమారు మూడు మాసము లుండి, పీటుపొలమున వంగి పనిచేయు స్త్రీలను, మట్టిగుడిసెలను చిత్రించెను. పీటు తీసివేయగా మిగిలిన నేలయే నేటి పొలము.

కొండలు లేని దేశమున సైకిలు త్రొక్కుట సులభమని మన మనుకొందుము. అది సగము నిజము. ఆ దేశమున గాలియే కొండ. గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవువానికి అంతే వేగముగల గాలి యెదురైనచో, వాని శరీరమునకు తగులు గాలివేగము 40 అగును. గాలి యడ్డగింపు వేగపు వర్గమును బట్టి పెరుగును. కావున వేగము రెట్టింపైనచో అడ్డగింపు నాలుగు రెట్లగును. అందుచే పలువురు కలిసి పోవునప్పుడు ఒకరి చాటున నొకరు ఏటవాలు వరుసగా పోవుచు, ముందున్నవాడు అలసినప్పుడు వెనుకకు వచ్చి మఱియొకనికి చోటిచ్చును. కొండల కొఱత ఎంతటిదనగా, ఈ మండలమున పందెముల కొఱకు ఎక్కు గుట్ట, రైళ్లపై తెచ్చి పోసిన పట్టణపు చెత్తతో లేచిన దిబ్బ. దానికి వామ్‌బెర్గ్ అని పేరు. 2023వ సంవత్సరపు యూరపు ఖండపు సైకిలు పందెము దానిపైననే ముగిసినది.

ఇన్ని బాటలలో దారి తప్పకుండు టెట్లు? దానికొక చక్కని యుపాయము గలదు. బెల్జియము దేశపు లింబర్గు మండలమున గనుల ఇంజనీరైన హ్యూగో బోలెన్, గనులలోని సొరంగములు కలియు చోట్లకు అంకెలు వేయు పద్ధతిని చూచి, నేలపై సైకిలుబాటలు కలియు చోట్లకును అట్లే అంకెలు వేయవలెనని తలచెను. 1995వ సంవత్సరమున అది యచ్చట అమలునకు వచ్చి, పిమ్మట నెదర్లాండ్సునందంతట వ్యాపించెను. ప్రయాణికుడు గ్రామముల పేర్లను గాక నాలుగైదు అంకెలను కాగితముపై వ్రాసికొని బయలుదేఱును. ప్రతి కూడలియందును తరువాతి యంకె ఏ వైపున నున్నదో పలక చూపును.

రాక్షసుల రాళ్లు

బోర్గరు గ్రామమున ఏనుగులంత రాళ్లను నిలువబెట్టి, వానిపై రాళ్లను కప్పిన యొక పురాతన సమాధి గలదు. పొడవు 22 మీటర్లకు మించును. ఇట్టివి ఆ దేశమున 54 మిగిలియుండగా, వానిలో 52 డ్రెంథెలోనే యున్నవి. ఐదువేల సంవత్సరములకు పూర్వము, ఈజిప్టున గొప్ప పిరమిడ్డులు లేవకమునుపే, అచ్చటి తొలి వ్యవసాయకులు వీనిని కట్టిరి. ఆ రాళ్లు ఆ దేశపువి కావు. సుమారు లక్షన్నర సంవత్సరములకు పూర్వము స్కాండినేవియానుండి దిగివచ్చిన మంచుగడ్డల మహాప్రవాహము వానిని మోసికొని వచ్చి విడిచి పోయినది. మనవారు ఇట్టి కట్టడములను రాక్షసగుళ్లని యందురు. ములుగు జిల్లాలోని దామరవాయియందు ఇట్టివి పెక్కులు గలవు. డచ్చివారి 'హునెబెడ్' అను పేరునకును రాక్షసుల పడక యనియే యర్థము. యోహాన్ పికార్డ్ట్ అను పాదిరి 1660లో ప్రచురించిన గ్రంథమున వీనిని నిజముగా రాక్షసులే కట్టిరని వ్రాసెను. సముద్రములచే వేఱుపడిన రెండు జాతులు ఒకే విధమైన రాళ్లను చూచి ఒకే విధముగా తలచుట వింతగదా!

ఈ రాళ్లు మిగులుట ఒక శాసనము వలన. 1731 ప్రాంతమున సముద్రతీరపు కరకట్టల కొయ్యమొద్దులను ఒక నీటిపురుగు తొలిచి పాడుచేసెను. కొయ్యకు బదులు రాళ్లు పేర్చవలసి వచ్చెను. రాళ్లు దొరకని దేశమున రాతికి వెల పెరిగి, జనులు ఈ సమాధుల రాళ్లను పగులగొట్టి అమ్మసాగిరి. అది చూచి డ్రెంథె పాలకులు 1734వ సంవత్సరమున ఆ పనిని నిషేధించిరి. పురాతన వస్తువులను కాపాడుటకు యూరపున చేసిన మొదటి శాసనములలో నిది యొకటి. అక్కఱ గొప్పదే; ఐనను అక్కఱ కొఱకు సమస్తమును అమ్మరాదని వారు తెలిసికొనిరి.

అడవి

బోర్గరునుండి పడమటికి పోవగా అడవి వచ్చును. బాటపై పైను చెట్ల ఆకులు రాలి మెత్తనై యుండును. కొన్ని చోట్ల సముద్రపు గుల్లలను నలుగగొట్టి పరచిన తెల్లనిబాటలు గలవు. మన తీరమున గుల్లలను కాల్చి సున్నము చేయుదురు. వారు బాట చేసికొనిరి. గుల్లపై వాననీరు నిలువక యింకిపోవును. చీకటి పడినను బాట తెల్లగా కనబడును.

ఈ యడవియందు చెట్లు వరుసలు తీర్చి యుండుట చూచినవాడు వెంటనే యిది నాటిన యడవి యని తెలిసికొనును. నూటయేబది సంవత్సరములకు పూర్వము ఈ మండలమున సగమునకు మించి బోసి బీడు. చెట్లు నఱికి, పైమట్టి తీసి, గొఱ్ఱెలను మేపగా మేపగా కొన్ని చోట్ల ఇసుక పైకి తేలి, గాలికి లేచి పొలములను కప్పసాగెను. 1899వ సంవత్సరమున ప్రభుత్వము అడవులశాఖ నేర్పఱచి, ఇసుకను నిలుపుటకును, గనులకు కావలసిన కొయ్యకొఱకును పైను చెట్లను నాటించెను. 1930 ప్రాంతపు కఱవుకాలమున, పని దొరకని కూలివారు పలుగు పాఱలతో ఈ నేల త్రవ్వి చెట్లు నాటిరి.

ఈ యడవి నడుమ నొకచోట ప్రయాణికులు సైకిలు దిగి నడుతురు. అది వెస్టర్‌బోర్క్. జర్మనీనుండి పాఱివచ్చిన యూదులకు ఆశ్రయముగా 1939లో కట్టిన బస యది. 1942వ సంవత్సరము జులైనుండి హిట్లరు ప్రభుత్వము దానిని చెఱగా మార్చి, లక్షకు మించిన యూదులను, కొన్ని వందలమంది జిప్సీలను రైళ్లలో తూర్పుదేశపు చంపుడుశాలలకు పంపెను. తిరిగి వచ్చినవారు సుమారు ఐదువేలు మాత్రమే. తన దినచర్య పుస్తకముచే లోకప్రసిద్ధయైన ఆన్ ఫ్రాంక్ అను బాలికను 1944 సెప్టెంబరు 3వ తేదీన ఇచ్చటినుండియే పంపిరి. తిరిగి రానివారి కొఱకు ఒక్కొక్కరికి నొక్కటి చొప్పున 1,02,000 రాళ్లు అచ్చట నిలిపియున్నారు. ఆ ప్రక్కనే ఆకాశమునుండి వచ్చు రేడియో తరంగములను పట్టు పదునాలుగు పెద్ద పళ్లెములు గల యంత్రశాల యున్నది. అది 1970లో పని మొదలుపెట్టెను. వాని పనికి భంగము కలుగకుండుటకై మోటారుకార్లను ఆ చెంతకు రానీయరు. మ్యూజియమునుండి ఆ చోటికి సుమారు మూడు కిలోమీటర్లు. కాలినడకను, సైకిలుపైని అడవిగుండ పోవువాడు ఆ దూరమంతయు మౌనముగా ఆలోచించుకొనుటకు వీలు గలుగును.

బీడు

అడవి ముగియగానే ఆకాశము విశాలమగును. ఇదియే ద్వింగెలో బీడు, 1991నుండి జాతీయవనము. విస్తీర్ణము సుమారు 3,700 హెక్టార్లు. పడమటి యూరపునందలి తడిబీళ్లలో నిదియే మిక్కిలి పెద్దది. నేలనంటి పెరుగు హెదర్ అను చిన్నపొద యంతటను వ్యాపించి, ఆగస్టు, సెప్టెంబరు మాసములలో పూచినప్పుడు నేల యంతయు వంగపండు రంగు నొందును. నడుమ నీటిగుంటలు, వాని నడుమ సన్నని గరుసుబాట, దూరమున గొఱ్ఱెలమంద.

మానవుడు ముట్టని ప్రకృతి యిదియే యని చూచినవారు భ్రమింతురు. నిజమునకు ఈ బీడు గొఱ్ఱెలచేతను, పాఱచేతను తయారైనది. ఎఱువులు కొనలేని పూర్వపు రైతులు బీటిమీది పైమట్టిని పొదలతోకూడ చెక్కి తెచ్చి గొఱ్ఱెలదొడ్డిలో పఱచెడివారు. అది పెంటతో కలిసిన పిమ్మట గ్రామపు పొలములో చల్లెడివారు. ఈ విధముగా నూర్ల సంవత్సరములు బీటి సారమంతయు పొలమునకు పోయెను. సారము పోయిన నేలలో చెట్లు గాని, మంచి గడ్డి గాని పెరుగలేదు; పేదనేలలో బ్రదుకగల హెదర్ మాత్రమే పెరిగెను. రసాయనికపు ఎఱువులు వచ్చిన తరువాత గొఱ్ఱెలతో పని లేకపోయెను, బీళ్లు దున్నబడి పొలములయ్యెను, కొన్ని యడవులయ్యెను. మిగిలినది కొంచెము.

ఆ కొంచెమునకు నేడు విచిత్రమైన యాపద కలిగినది. పశువుల పెంటనుండియు, మోటారుల పొగనుండియు పుట్టు నత్రజని సంబంధమైన వాయువులు గాలిలో కలిసి, వానతో బీటిపై దిగుచున్నవి. అది యెఱువే. ఎఱువు దొరకిన గడ్డి యేపుగా పెరిగి హెదరును కప్పివేయుచున్నది. నాడు నేలనుండి అతిగా తీసికొనుటచే నేర్పడిన బీడు, నేడు నేలకు అతిగా చేరుటచే నశించుచున్నది. 2019వ సంవత్సరమున ఆ దేశపు ఉన్నత పరిపాలనా న్యాయస్థానము, ఈ నత్రజని విషయమున ప్రభుత్వపు పద్ధతి చాలదని తీర్పు చెప్పెను. పశువులను తగ్గింపవలెనను మాట పుట్టగా, రైతులు వేలకొలది ట్రాక్టర్లతో ప్రభుత్వము కొలువుండు హేగ్ నగరపు మార్గములను నింపిరి. రైతుకు జీవనము కావలెను. బీటికి రక్షణ కావలెను. ఈ తగవు తేలికైనది కాదు. ఈలోగా కాపరులు మందలను తోలుచు, అచ్చటచ్చట పైమట్టిని తీయుచు, పూర్వపు పేదరైతుల పనినే నేడు బీటిని నిలుపుకొఱకు చేయుచున్నారు.

కావుననే అచ్చట సైకిలుపై పోవువానికి కట్టుబాట్లు గలవు. బాటను విడిచి హెదరుపై చక్రము నడపరాదు; నేలపై గూళ్లు కట్టు పక్షులను బెదరింపరాదు; మంద యడ్డమైనచో దిగి నిలువవలెను. ఒక్కని చక్రపు జాడ చిన్నదే. వేలమంది జాడ కాలువయగును.

ఆ బాలునకు సమాధానము

విద్యార్థులారా! తారురోడ్డు గలవారు గరుసుబాట నేల కోరుదురని మీ సహపాఠి యడిగెను. మొదటి సమాధాన మిది: కోరి యెక్కినవానికి గరుసుబాట వినోదము, వేఱు గతి లేక యెక్కినవానికి కష్టము. ఆ దేశీయుడు ఆదివారము బీటిలో తిరిగి, సాయంకాలము తారురోడ్డుపై నింటికి పోవును. మన బాలుడు వానలో ఆ బాటనే పాఠశాలకు రావలెను. ప్రసవవేదనలోనున్న తల్లిని ఆ బాటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కావున వాని యూరివారి యర్జీ న్యాయమైనది. పరదేశపు వినోదమును చూపి మన గ్రామముల రోడ్లకొఱతను కప్పిపుచ్చుట తగదు.

రెండవ సమాధానము: గరుసుబాటను కోరువారు రాళ్లను కోరుట లేదు. మెల్లగా పోవుటవలన నేల కనబడును. దానిని వారు కోరుచున్నారు. ఆ పొలము పీటు కోసినవారి పని. ఆ యడవి పని లేని కూలివారి పని. ఆ బీడు గొఱ్ఱెలకాపరుల పని. తారుపై వేగముగా పోవువానికి ఈ మూడును మూడు రంగులు మాత్రమే. మెల్లగా పోవువానికి మూడు చరిత్రలు. ఈ చదువునకు వెలగల సైకిలు అక్కఱ లేదు. మీ డొంక ప్రక్కనున్న చెఱువుగట్టు నెవరు పోసిరి? తాడిచెట్ల వరుస నెవరు నాటిరి? పొలము నడుమ నున్న పెద్దరాయి ఎక్కడిది? ఇంటనున్న పెద్దల నడుగుడు. రోడ్డు వచ్చి మీరు వేగముగా పోవుకాలము రాకమునుపే అడుగుడు.

తరువాతి వారము తరగతి వారికందఱకు నొక పని యిచ్చితిని. ఎవరి గ్రామపు బాటలను వారు పటముగా వ్రాసి, కూడలి కూడలికి అంకె వేయవలెనని చెప్పితిని. ఆ బాలుని పటమున 11 కూడళ్లుండెను. 4వ యంకెయొద్ద "ఇచ్చట మోకాలిలోతు నీరు నిలుచును" అనియు, 7వ యంకెయొద్ద "ఇచ్చట మా తాతగారు నాటిన మఱ్ఱి" అనియు వ్రాసియుండెను. వాని తండ్రి ఆ పటమునకు ప్రతి తీయించి, గ్రామస్థులు మరల పెట్టుకొనిన యర్జీకి జత చేయించెను. రోడ్డు ఇంకను రాలేదు. కాని వచ్చు రోడ్డు 7వ యంకెయొద్ద మఱ్ఱిని కొట్టకుండ వంగి పోవలెనని యర్జీలో నొక పంక్తి చేర్చిరని విని సంతసించితిని.